రోత తెలియని తొమ్మిది నెలలు

గాజు సీసా మూత తీయగానే నూకరత్నం పైపెదవి ఒక పక్కకి లేచింది. ఆమె ముక్కు పక్కన అంటించిన సన్నటి తీగ ఆ కదలికను పట్టుకుని కంప్యూటర్ తెర మీద నిటారుగా ఒక గీత గీసింది. సీసాలో ఉన్నవి మూడు రోజులు ఎండలో వదిలేసిన రొయ్య తలలు.

"సాలు, మూసెయ్యవే తల్లీ" అంది నూకరత్నం మొహం తిప్పేసుకుని. "ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే కంపు. అక్కడ సాలదని నీ ఏసీ గదిలో కూడానా?"

ఇందుమతి నవ్వుతూ మూత బిగించింది. "ఇంకొక్కసారే అక్కా. ముందు ఈ మందు పీల్చు."

వేలెడంత తెల్లటి డబ్బా. రెండు ముక్కుపుటాల్లోకీ ఒక్కొక్క తుంపర. పది నిమిషాలు ఆగి ఇందుమతి మళ్ళీ మూత తీసింది. ఈసారి నూకరత్నం సీసాలోకి వంగి మరీ చూసింది. తెర మీద గీత కదల్లేదు.

"వాసన వస్తోందా?"

"వత్తంది. రొయ్య తలకాయలు. కుళ్ళిపోయినియ్యి." ఆమె ఇంకాస్త వంగింది. ఆశ్చర్యంగా చెల్లెలి వైపు చూసింది. "వత్తంది గానీ ఏం అనిపించట్లేదే ఇందూ. సబ్బు వాసనో, మట్టి వాసనో వచ్చినట్టే ఉంది."

ఇందుమతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళుగా ఆమె వెతుకుతున్నది ఇదే. వాసనను పసిగట్టేది ముక్కు. దానికి కడుపులో తిప్పేలా చేసేది మెదడు లోపలి మడతల్లో ఉన్న ఒక చిన్న భాగం. ఆ భాగాన్ని ఆరు గంటల పాటు నిద్రపుచ్చే మందు ఇది. దానికి 'తేలిక' అని పేరు కూడా తనే పెట్టింది.

వాళ్ళ అమ్మ కాకినాడలో రొయ్యలు వలిచి వలిచి పోయింది. బతికినంత కాలం చెంచాతోనే అన్నం తింది. తన చేతి కంపు తనకే పడేది కాదు. అమ్మ పోయాక పంతొమ్మిదేళ్ళ నూకరత్నం అదే పీలింగ్ షెడ్డులో చేరి, తొమ్మిదేళ్ళ చెల్లెల్ని డాక్టరేటు దాకా చదివించింది. మొదటి ఏడాది నూకరత్నం రోజూ మధ్యాహ్నం గోడ పక్కకి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చి, మళ్ళీ బల్ల ముందు కూర్చునేది. ఆ సంగతి ఇందుమతి మర్చిపోలేదు. అందుకే ఆ షెడ్డు నడిపే నీలిగట్టు ఫ్రోజెన్ ఫుడ్స్ వాళ్ళు ప్రయోగశాల పెట్టి పిలిస్తే, వేరే ఉద్యోగం వదులుకుని మరీ వచ్చింది.

నూకరత్నం చదివింది ఏడో తరగతే. అయితే లేబర్ ఆఫీసు వాళ్ళు ఎప్పుడో పంచిన ఒక చిన్న పుస్తకం ఆమె టిఫిన్ సంచిలో ఎప్పుడూ ఉండేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడవాళ్ళందరికీ దాన్ని పైకి చదివి వినిపించేది. నియామక పత్రం అడిగి తీసుకోవాలని, ఈఎస్ఐ కార్డు ఎవరి దగ్గర వాళ్ళే ఉంచుకోవాలని, వారానికి ఒక రోజు సెలవు ఎవరో దయతలచి ఇచ్చేది కాదని షెడ్డులో నూట నలభై మందికీ తెలిసింది ఆమె వల్లే. చేతులకి గ్లవ్వులు వచ్చిందీ ఆమె గొడవ వల్లే. వాసన చూసి మంచి సరుకునీ పాడైన సరుకునీ వేరు చేసే బల్ల మీద ఆమెను కూర్చోబెట్టారు. అనుమానం ఉన్న ట్రేని ఆమె ఒక్కసారి మొహం దగ్గరకి తీసుకుని కింద పడేసిందంటే, ఇక మేస్త్రీ కూడా మాట్లాడేవాడు కాదు.

తేలికను షెడ్డులోకి తెచ్చిన రోజు డైరెక్టర్ ఫణీంద్ర స్వయంగా వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. అందరికీ సంతకం కోసం కాగితాలు పంచారు. నూకరత్నం తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఇంగిలీసులో ఉందండి."

"మామూలు ఫారమేనమ్మా" అన్నాడు ఫణీంద్ర.

"మేం ఏ మందుతో పని సేత్తన్నామో, దాని వల్ల ఏవవుద్దో తెలుసుకునే హక్కు మాకుందండి. సట్టంలోనే ఉంది. తెలుగులో రాసి ఇప్పించండి. సదూకుని సంతకం పెడతాం."

"తప్పకుండా. రెండు వారాల్లో ఇచ్చేస్తాం." ఫణీంద్ర చిరునవ్వుతో ఇందుమతి వైపు తిరిగాడు. "ఈలోపు మీ చెల్లెలు గారే చెబుతారు."

నూట నలభై మంది ఆడవాళ్ళూ ఇందుమతి వైపు చూశారు. ఆ కాగితాల్లో నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. మూడు వారాలకు మించి వాడితే ఏమవుతుందో ఇంకా పరీక్షించలేదని. అది రాసింది ఆమే. మిగతా పరీక్షలు నడుస్తూనే ఉంటాయి, ఏదైనా తేడా కనిపిస్తే ఆపేయొచ్చు అనుకుంది. అక్క ఇంకా ఆ కంపులోనే కూర్చోవాలా అనుకుంది.

"అక్కా, నేను చేసిందే కదా" అంది. "నా మాట చాలదా?"

నూకరత్నం ఒక్క క్షణం చెల్లెలి మొహంలోకి చూసి పెన్ను తీసుకుంది. "నువ్వు సెబితే సాలదేటి" అని మొదటి సంతకం పెట్టింది. ఆమె వెనక మిగతా వాళ్ళు వరసగా పెట్టారు.

మొదటి నెలంతా పండగలాగే ఉంది. ఆడవాళ్ళు చేత్తో అన్నం కలుపుకుని తిన్నారు. కొత్తగా చేరిన పిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడం మానేశారు. ఇందుమతిని చూస్తే చేతులు పట్టుకుని ఊపేశారు. తెలుగు కాగితం రాలేదు, దాన్ని ఎవరూ అడగనూ లేదు. నమ్మకం కుదిరింది కాబోలు అనుకుంది ఇందుమతి. తర్వాత కంపెనీ ఆమెను చెన్నైలోని ఇంకో ప్రయోగశాలకి పంపింది. అదే మందును గాలిలో కలిపే పద్ధతి కనిపెట్టమన్నారు. మురుగు కాలవల్లో దిగే వాళ్ళ కోసమని చెప్పారు. అక్కడ ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

తిరిగి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఇందుమతి ఏటిమొగలో అక్క ఇంటికి వెళ్ళింది. వీధి చివరే బావ సింహాద్రి ఎదురయ్యాడు. లారీ మీద పనిచేసే మనిషి, ఎప్పుడూ గలగలా మాట్లాడేవాడు. ఇప్పుడు టీ బడ్డీ దగ్గర ఒక్కడే కూర్చుని బన్ను తింటున్నాడు.

"ఇంట్లో తినట్లేదా బావా?"

"రెండు నెలలైంది" అన్నాడు అతను. "నువ్వే ఎల్లి సూడు."

గుమ్మం దాటగానే ఇందుమతికి ఊపిరి ఆగినంత పనైంది. పెరట్లో మురుగు గొట్టం పగిలి, నల్లటి నీళ్ళు వంటింటి గడప దాకా వచ్చి నిలిచాయి. దాని మీద ఈగలు ముసురుతున్నాయి. ఆ నీళ్ళకి బారెడు దూరంలో పీట వేసుకుని నూకరత్నం అన్నం తింటోంది. పళ్ళెంలో చేపల పులుసు మీద తెల్లటి బూజు తేలుతోంది.

"రా రా, ఎప్పుడొచ్చేవు? అన్నం తిందువుగాని" అంది నూకరత్నం మామూలుగా.

ఇందుమతి ఆ పళ్ళెం లాగేసింది. "అక్కా, ఇది పాడైపోయింది!"

"అవును, నాలుగు రోజులైంది." నూకరత్నం తప్పేం లేదన్నట్టు తలూపింది. "పులిసింది. తెలుసు."

"తెలిసి ఎందుకు తింటున్నావ్?"

నూకరత్నం ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసి, చేయి కడుక్కోవడానికి లేచింది.

అప్పుడు ఇందుమతి కంట పడింది, గోడ అలమరలో ఒక పెద్ద పొట్లం. మంచం పట్టిన ముసలివాళ్ళకి కట్టే డైపర్లు.

"ఇవెవరికి?"

"మాకే. షెడ్డులో ఇత్తారు. షిఫ్టులో మద్దెలో లెగకుండా బాత్రూముకి తాళం ఏసేరు. ఇయ్యి కట్టుకుని కూకుంటాం."

"ఎన్ని గంటలు?"

"తొమ్మిది. ఒక్కోసారి పది." నూకరత్నం తువ్వాలుతో చేయి తుడుచుకుంది. "మొదట్లో కాత్త ఒరుసుకుపోయింది. ఇప్పుడు అలవాటైపోయింది. మా షెడ్డులో సుబ్బలచ్చికి పుండ్లు పడ్డాయి. అయినా వత్తంది."

ఇందుమతి మంచం మీద కూలబడింది. "నువ్వు ఊరుకున్నావా? బాత్రూముకి తాళం వేస్తే నువ్వు ఊరుకున్నావా? నీ పుస్తకంలో దాని గురించి లేదా?"

"ఎందుకు లేదు?" నూకరత్నం సంచిలోంచి ఆ పుస్తకం తీసి ఒక పేజీ తెరిచింది. వేలు పెట్టి చదివింది. పనిచేసే చోట మరుగుదొడ్లు ఉండాలని, పని వేళల్లో అవి ఎప్పుడూ అందుబాటులో ఉండాలని, లేకపోతే ఇన్‌స్పెక్టరుకి ఫిర్యాదు చేయవచ్చని. ఒక్క అక్షరం తప్పు పోలేదు. చదివి పుస్తకం మూసింది.

"అయితే?" అంది ఇందుమతి.

"అయితే ఏటి?" అంది నూకరత్నం.

మర్నాడు ఇందుమతి అక్కనీ బావనీ ప్రయోగశాలకి తీసుకొచ్చింది. ముందు తేలికను ఎప్పుడూ పీల్చని సింహాద్రిని కుర్చీలో కూర్చోబెట్టి ముక్కు పక్కన తీగ అంటించింది. ఈసారి సీసాలేవీ తెరవలేదు. రాత్రి అక్క చెప్పినదాన్నే, ఊరూ పేరూ లేకుండా ఒక కాగితం మీద నాలుగు వాక్యాలుగా రాసుకుని చదివింది. ఒక కర్మాగారంలో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేశారు. తాళంచెవి మేస్త్రీ జేబులో ఉంటుంది. ఒక అమ్మాయి నెలసరి రోజున వేడుకుంటే మేస్త్రీ నవ్వాడు. ఆ అమ్మాయి బల్ల దగ్గరే తొమ్మిది గంటలు కూర్చుంది.

రెండో వాక్యానికే సింహాద్రి పెదవి లేచింది. తెర మీద గీత రొయ్య తలల సీసాకి లేచినంత ఎత్తూ లేచింది. నాలుగో వాక్యం పూర్తయ్యేసరికి అతను తీగ పీకేసుకుని లేచి నిలబడ్డాడు. "ఎవడాడు? ఏ ఊరాడు?"

నూకరత్నం అదే కుర్చీలో కూర్చుని నాలుగు వాక్యాలూ శ్రద్ధగా విన్నది. గీత బల్లపరుపుగా సాగిపోయింది. చివర్లో ఆమె "అది మా షెడ్డే కదా" అంది. "ఆ పిల్ల నా పక్క బల్లే."

ఇందుమతికి అర్థమైంది. కుళ్ళిన మాంసాన్ని చూసి ముఖం తిప్పుకునే భాగమూ, సాటి మనిషికి జరిగిన నీచాన్ని చూసి ముఖం తిప్పుకునే భాగమూ మెదడులో ఒక్కటే. తను దాన్ని నిద్రపుచ్చింది. తొమ్మిది నెలల పాటు రోజుకి రెండుసార్లు పీలిస్తే అది ఆదివారాలు కూడా లేవడం మానేసింది.

ఆ గీతలన్నీ అచ్చు తీసుకుని ఆమె ఫణీంద్ర గదికి పరుగెత్తింది. అతను కాగితాలను ఒక్కొక్కటే ఓపిగ్గా చూశాడు. అతని ముఖంలో కంగారు లేదు.

"మాకు నాలుగో నెలలోనే అర్థమైంది డాక్టరు గారూ" అన్నాడు. "సెలవులు అడగడం తగ్గింది. గొడవలు పోయాయి. మీరు చెన్నైలో బిజీగా ఉన్నారని డిస్టర్బ్ చేయలేదు."

"మందు వెంటనే ఆపండి."

"ఎందుకు? ఎవరైనా ఇబ్బంది పడుతున్నారా? వెళ్ళి అడగండి. ఒక్కరంటే ఒక్కరు బాధపడుతున్నామని చెబితే ఈ రోజే ఆపేద్దాం." అతను లేచాడు. "రండి, మీ చెన్నై పని ఎంత బాగా వచ్చిందో చూపిస్తాను."

మెట్లు దిగి గేటు పక్కనున్న చిన్న గదికి తీసుకెళ్ళాడు. తలుపు మీద 'వినియోగదారుల సేవా కేంద్రం' అని రాసి ఉంది. అద్దం లోంచి చూపించాడు. లోపల మెత్తటి సోఫాలు, పూల కుండీ, గోడ మీద పిడికిలంత తెల్లటి పరికరం. దాని నోట్లోంచి సన్నటి ఆవిరి వస్తోంది.

"పాడైన ప్యాకెట్ తెచ్చి అరిచేవాళ్ళు పది నిమిషాలు ఇక్కడ కూర్చుంటారు. తర్వాత చక్కగా మాట్లాడతారు, చెప్పినచోట సంతకం పెడతారు. ముప్ఫై ఒక్క ఫిర్యాదులు వచ్చాయి. ఒక్కరు కూడా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళలేదు. ఇంకో మూడు కంపెనీలు అడుగుతున్నాయి."

ఇందుమతి ఆ పరికరాన్ని గుర్తుపట్టింది. మురుగు కాలవల్లో దిగే మనుషుల కోసమని తను చేసిన పరికరం అది. "అసలు పాడైన ప్యాకెట్లు ఎందుకు బయటికి వెళుతున్నాయి?" అని అడిగింది.

"సరుకు వేరు చేసే గ్రేడింగ్ ఇప్పుడు చాలా స్మూత్‌గా సాగుతోంది. మీ అక్కగారు దేన్నీ పక్కన పడేయట్లేదు" అన్నాడు ఫణీంద్ర. అది మెచ్చుకోలులాగే అన్నాడు.

ఆమె అక్కడ నిలబడలేక బయటికి వచ్చింది. గేటు అవతల ఒకావిడ ఎండలో నిలబడి వాచ్‌మన్‌తో వాదిస్తోంది. నలభై ఐదేళ్ళుంటాయి, నల్ల బురఖా, చేతిలో ప్లాస్టిక్ సంచి.

"లోపల కూర్చోండమ్మా, సార్ వస్తారు" అంటున్నాడు వాచ్‌మన్.

"లోపలికి రానయ్యా. మొన్నోసారి వచ్చి కూర్చున్నాను. చాలు. ఆయన్నే ఇక్కడికి రమ్మను."

ఇందుమతి ఆమెను పక్కకి పిలిచి ఏమైందని అడిగింది. ఆమె పేరు కరీమున్నీసా. జగన్నాథపురంలో కర్రీ పాయింట్ నడుపుతుంది. నీలిగట్టు ప్యాకెట్ రొయ్యలతో కూర వండిన రోజున పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. ఇంట్లో ఆ కూరే తిన్న అత్తగారు నాలుగో రోజున చనిపోయింది.

"అడుగుదామని ఇక్కడికొచ్చాను. ఏడుస్తూనే వచ్చాను. ఆ గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది. ఫ్రిజ్జులో సరిగ్గా పెట్టకపోవడం వల్ల పాడైంది, తప్పు నాదేనని రాసిన కాగితం ఇచ్చారమ్మా. పూర్తిగా చదివాను. అబద్ధమని తెలుసు. సంతకం పెట్టేశాను. రెండు ప్యాకెట్లు ఊరికే ఇస్తే తీసుకుని థ్యాంక్స్ కూడా చెప్పాను." ఆమె వెనక్కి తిరిగి ఆ గది వైపు చూసింది. "సాయంత్రం ఇంట్లో అత్తమ్మ మంచం చూసేసరికి కడుపులో తిప్పింది. ఆవిణ్ణి నేనే చంపానని రాసిచ్చి వచ్చానా? నాకేమైందమ్మా? నాకు పిచ్చెక్కిందా?"

"మీకేమీ కాలేదు. ఆ గదిలో గాలిలో మందు కలిపారు. అలా మందు పెట్టి తీసుకున్న సంతకం చెల్లదు. మీరు వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. నేను సాక్ష్యం చెబుతాను."

"మీరెవరు?"

"ఆ మందు చేసింది నేనే."

కరీమున్నీసా రెండడుగులు వెనక్కి వేసింది. చేతిలోని సంచిని గుండెకి హత్తుకుంది. ఫోన్ నంబరు మాత్రం తీసుకుని వెళ్ళిపోయింది.

ఇందుమతి అక్కకి ఈఎస్ఐ డాక్టరు దగ్గర సెలవు కాగితం రాయించి తన ఇంటికి తీసుకొచ్చింది. అక్కకి షెడ్డులో ఇంటికిచ్చిన తేలిక డబ్బాలన్నీ నేలకేసి తొక్కేసింది. ఐదు రోజులు ఏమీ మారలేదు. ఆరో రోజు నూకరత్నం పాల గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని ఆగి, "మీగడ" అంటూ పక్కన పెట్టింది. ఎనిమిదో రోజున తన చేతులు తనే వాసన చూసుకుని సబ్బు అడిగింది. ఆ రోజంతా చేతులు కడుగుతూనే ఉంది.

పదకొండో రోజు పొద్దున్న స్నానాల గదిలోంచి కేక వినిపించింది. ఇందుమతి పరుగెత్తి వెళ్ళేసరికి నూకరత్నం నేల మీద చతికిలబడి వాంతి చేసుకుంటోంది. కడుపులో ఏమీ మిగల్లేదు, అయినా ఆగట్లేదు. తొడల మీద మానిన పుండ్ల మచ్చల్ని గోళ్ళతో గీకుతోంది.

"కట్టుకున్నానే ఇందూ" అంది ఊపిరి తిప్పుకుంటూ. "పసిపిల్లలాగా కట్టుకుని అందులోనే కూకున్నాను. ఎదురుగా మగాళ్ళు తిరుగుతుంటే కూకున్నాను. ఆ పిల్ల ఏడుత్తుంటే నేను పని సేసుకున్నాను. ఒక్క మాట అన్లేదు. ఆ పులుసు... తిన్నాను కదే."

ఇందుమతి వీపు నిమరబోయింది. నూకరత్నం ఆ చేతిని విసిరికొట్టింది.

"ముట్టుకోకు. కాయితం తెలుగులో రాయమన్నాను. అడిగేనా లేదా? నీ మొహం సూసి సంతకం పెట్టేను. నన్ను సూసి నూట నలభై మంది పెట్టేరు." ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. "ట్రేలు. పాడైన ట్రేలన్నీ వదిలేసేను. కుళ్ళిందని తెలుత్తానే ఉంది. మేస్త్రీ పంపెయ్యమన్నాడు, పంపేసేను. ఎవరు తిన్నారో ఏటో."

ఎవరు తిన్నారో ఇందుమతికి తెలుసు. చెప్పకుండా ఉండాలనుకుంది. కానీ ఒకసారి చెప్పకుండా ఉన్నందుకే ఇంత జరిగింది. చెప్పింది.

ఆ మధ్యాహ్నమే నూకరత్నం జగన్నాథపురం వెళ్ళింది. చెల్లెల్ని వెంట రానిచ్చింది గానీ పక్కన నడవనివ్వలేదు. మూతపడిన కర్రీ పాయింట్ ముందు కరీమున్నీసా కూర్చుని ఉంది. నూకరత్నం ఆమె దాచిన ప్యాకెట్ తీసుకుని వెనక ముద్రించిన తేదీ, బల్ల నంబరు చూసింది.

"ఇది నా బల్ల మీంచి ఎల్లిందేనండి" అంది. "నేనే వాసన సూసి పంపేను."

కరీమున్నీసా తలెత్తి ఆమెను చూసింది. "మీకు తెలుసా, కుళ్ళిందని?"

"తెలుసండి."

కరీమున్నీసా ముఖం తుడుచుకుని లేచి చెప్పులు వేసుకుంది. "ఈ మాట నా దగ్గర కాదు, అక్కడ చెప్పాలి మీరు. పదండి."

ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు కార్యాలయంలో నూకరత్నం స్వయంగా ఫిర్యాదు రాసింది. వినియోగదారుల కమిషన్‌లో కరీమున్నీసా కేసు వేసింది. ఇందుమతి తన ప్రయోగశాల రిజిస్టర్ల నకళ్ళు రెండు చోట్లా ఇచ్చింది. రహస్యాలు బయటపెట్టిందని కంపెనీ అదే వారం ఆమెను ఉద్యోగంలోంచి తీసేసి, ఆమె మీదే ఇంకో కేసు పెట్టింది. మందు ఆపమని ఇన్‌స్పెక్టరు ఉత్తర్వు ఇచ్చినరోజు షెడ్డులో కొందరు ఆడవాళ్ళు నూకరత్నం మీద విరుచుకుపడ్డారు. మళ్ళీ ఆ కంపు మేం భరించాలా అన్నారు. పది రోజుల తర్వాత వాళ్ళే ఒక్కొక్కళ్ళుగా ఆమె ఇంటికి వచ్చి, చెప్పలేక చెప్పలేక ఏడ్చి వెళ్ళారు. పుండ్లు పడ్డ సుబ్బలక్ష్మి రాలేదు. ఆమె ఊరు వదిలి పుట్టింటికి వెళ్ళిపోయింది. ఇప్పటికీ రోజుకి ఆరేడు సార్లు స్నానం చేస్తోందని విన్నారు.

కమిషన్ విచారణలో కంపెనీ లాయరు చేతులు వెనక్కి కట్టుకుని నూకరత్నాన్ని అడిగాడు. "తొమ్మిది నెలల్లో మీరు గానీ, మీ తోటివాళ్ళు గానీ ఒక్క ఫిర్యాదైనా ఇచ్చారా?"

"లేదండి."

"మీ హక్కులేంటో మీకు తెలియదా?"

"తెలుసండి. ఏ పేజీలో ఏవుందో ఇప్పుడు సెప్పమన్నా సెబుతాను. ఆ డైపరు కట్టుకునేటప్పుడూ తెలుసు. కుళ్ళిన ట్రే పంపేటప్పుడూ తెలుసు. తెలిసి కూడా ఏం అనిపించలేదండి. ఆ అనిపించేదాన్నే వీళ్ళు తీసేసేరు. ఇప్పుడు తిరిగొచ్చింది, అందుకే మీ ముందుకొచ్చేను." ఆమె లాయరు చేతిలోని ఇంగ్లీషు కాగితం వైపు చూపించింది. "కాదంటే ఆ మందు రెండు సుక్కలు మీరు పీల్చి, ఆ షెడ్డులో ఒక్క పూట కూకోండి."

లాయరు కూర్చున్నాడు.

తర్వాత ఇందుమతిని పిలిచారు. మూడు వారాలు దాటితే ఏమవుతుందో తెలియదని ఆడవాళ్ళకి చెప్పారా అని కమిషన్ అధ్యక్షురాలు అడిగింది. "చెప్పలేదు" అంది ఇందుమతి. ఎందుకని అడిగితే, "నన్ను నమ్మారు కాబట్టి చెప్పక్కర్లేదనుకున్నాను" అంది. ఆ జవాబును గుమాస్తా టైపు చేశాడు.

ఆ సేవా కేంద్రంలో తీసుకున్న ముప్ఫై ఒక్క సంతకాలూ చెల్లవని కమిషన్ తేల్చింది. తప్పు తనదేనని కరీమున్నీసా రాసిచ్చిన కాగితాన్ని కొట్టేసి, కంపెనీ బహిరంగంగా క్షమాపణ ప్రకటించాలని, ఆమెకీ ఆసుపత్రి పాలైన పదకొండు మందికీ పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. తేలిక వాడకం మీద ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. ఫణీంద్ర మాత్రం అరెస్టు కాలేదు. అతను రాజీనామా చేసి వేరే రాష్ట్రంలో ఏదో కబేళాల కంపెనీకి సలహాదారుగా చేరాడని తెలిసింది. ఏం సలహా ఇస్తాడో ఇందుమతి ఊహించగలిగింది. అక్కడి అధికారులకి తన రిజిస్టర్లన్నీ పంపింది. జవాబు రాలేదు. మళ్ళీ పంపింది.

కేసు తేలేదాకా ఆపించిన షెడ్డు పని తిరిగి మొదలుకాకముందు ఇన్‌స్పెక్టరు మరోసారి తనిఖీకి వచ్చాడు. సాక్షిగా ఇందుమతిని కూడా రమ్మన్నాడు. ఆయన లోపలికి అడుగుపెట్టి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. పైకప్పు కేసి, గోడల కేసి చూశాడు.

"గాలి బయటికి పోయే దారేదీ? పెద్ద ఫ్యాన్లు ఉండాలే?"

"లేవండి" అన్నాడు కొత్త మేనేజరు.

"వారంలోగా పెట్టించండి. ఐసు రెట్టింపు వేయండి. వ్యర్థాలు గంటగంటకీ తీసెయ్యాలి. అప్పుడే పని మొదలుపెట్టనిస్తాను."

రెండు రోజుల్లో గోడలకి కన్నాలు కొట్టి పదకొండు పెద్ద ఫ్యాన్లు బిగించారు. మూడో రోజు పొద్దున్న వాటిని వేసి చూశారు. గోడల మీది బూజు ఊగింది. అరగంటకి షెడ్డులో సముద్రపు గాలి వాసన వచ్చింది. రొయ్యల వాసన ఉంది, కానీ మనిషి కూర్చోగలిగినంతే ఉంది. పనికి వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న ఒకామె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడవసాగింది.

నూకరత్నం ఫ్యాన్ల కింద నిలబడి తలెత్తి చూస్తోంది. ఆ రోజు కూడా సాక్షిగా పిలిపించిన ఇందుమతి మెల్లగా వచ్చి కొద్ది దూరంలో ఆగింది.

"నాలుగేళ్ళు సేసేవు కదా ఆ మందు" అంది నూకరత్నం, ఫ్యాన్ల మీంచి చూపు దించకుండా. "మా బుర్రలో ఏ మడత ఎక్కడుందో అంతా కనిపెట్టేవు. ఈ గోడకి కన్నం కొడితే సరిపోద్దేమోనని ఒక్కసారైనా వాళ్ళని అడిగేవా?"

ఇందుమతికి అమ్మ గుర్తొచ్చింది, వాంతి చేసుకుంటున్న అక్క గుర్తొచ్చింది, తన నాలుగేళ్ళూ గుర్తొచ్చాయి. ఆ ఆలోచన ఒక్క రోజైనా తనకి రాలేదు. కంపును ఎలాగూ మార్చలేం, మనుషుల్నే మార్చాలి అన్నచోటి నుంచే తను పని మొదలుపెట్టింది.

"అడగలేదక్కా."

నూకరత్నం తిరిగి చెల్లెలి వైపు చూసింది. చెల్లెల్ని పెంచిన మనిషి చూపు అది, అయినా అందులో దాచుకోలేనంత రోత ఉంది. ఇందుమతి తల దించుకోలేదు. ఆ చూపుని చివరిదాకా భరించింది.

మేస్త్రీ గంట కొట్టాడు. ఆడవాళ్ళు బల్లల దగ్గరికి కదిలారు. నూకరత్నం గ్లవ్వులు తొడుక్కుని తన చోటికి వెళ్ళి, మొదటి ట్రేని ముఖం దగ్గరకి తీసుకుంది.